వెన్నెముక తీసి పరిచి కాల్చిన టర్కీ: కొన్నేళ్లుగా చేస్తున్నాక నా అభిప్రాయం

థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడి ఎలా చేయాలని కొత్తగా అమెరికా వచ్చినవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. పక్షి వెన్నెముక కోసి తీసేయండి, అరచేతులతో నొక్కి ట్రే మీద బల్లపరుపుగా పరవండి, బాగా వేడెక్కిన ఓవెన్‌లో పెట్టండి. ఇక్కడ దీన్ని స్పాచ్‌కాక్ అంటారు. డాలస్‌లో మా ఇంట్లో ఏటా నవంబరు నాలుగో గురువారం బల్ల మీదికొచ్చే టర్కీ ఇలా చేసిందే. కాళ్లు ముడిచి గుండ్రంగా కట్టి కాల్చే పాత పద్ధతి జోలికి నేను మళ్లీ వెళ్లను.

పాత పద్ధతిలో చిక్కంతా పక్షి ఆకారంలోనే ఉంది. బ్రెస్ట్‌లో, అంటే రొమ్ము మాంసంలో, కొవ్వు దాదాపు ఉండదు. 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన దగ్గర్నుంచీ అందులో రసం తగ్గుతూ వస్తుంది. తొడ మాంసం అలా కాదు, అందులో నరాలూ పీచూ ఎక్కువ, 175 దాకా పోతేగాని మెత్తబడదు. పక్షిని నిండుగా పెట్టినప్పుడు పైకి లేచి వేడి ముందుగా తినేది బ్రెస్ట్, కింద చాటున దాక్కునేవి తొడలు. తొడ ఉడికేదాకా ఆగితే బ్రెస్ట్ ఎండిపోతుంది, బ్రెస్ట్ కోసం ముందే తీస్తే తొడ కీలు దగ్గర పచ్చి. పరిచి పెట్టినప్పుడు తొడలు ట్రే అంచులకు వచ్చి నేరుగా వేడికి ఎదురవుతాయి, బ్రెస్ట్ మందం ఎక్కువ కాబట్టి నిదానంగా కాలుతుంది. రెండూ ఇంచుమించు ఒకేసారి తయారవుతాయి. ఈ ఒక్క లాభం కోసమే నేను ఈ పద్ధతి పట్టుకున్నాను, మిగతావన్నీ కొసరు.

ఆ కొసరూ చిన్నదేం కాదు. 12 నుంచి 14 పౌండ్ల పక్షి 325 డిగ్రీల దగ్గర నిండుగా కాలడానికి మూడు గంటల పైనే పడుతుంది. పరిచినది 450 దగ్గర సుమారు గంటన్నరలో అయిపోతుంది. ఒకే ఓవెన్ ఉన్న ఇంట్లో మిగిలిన ఆ సమయం ఎంత విలువైనదో పండగ వంట చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. మేం ఉదయమే పై (pie) అనే తీపి వంటకం, మాకరోనీ ముగించుకుని టర్కీని ఆఖర్న పెడతాం.

ఇక కష్టం సంగతి. వెన్నెముక కోయడం నిజంగా బలం అడిగే పని. మామూలు వంటింటి కత్తెర చాలదు, కోళ్లు కోయడానికి అమ్మే గట్టి కత్తెర కొనండి. బ్రెస్ట్ కిందికి ఉండేలా పక్షిని తిప్పి, తోక దగ్గర మొదలుపెట్టి వెన్నెముకకు ఒకవైపు చివరిదాకా, తర్వాత రెండోవైపు కోయాలి. తొడ ఎముక కలిసే చోట గట్టిగా తగులుతుంది, అక్కడ కత్తెరను కొంచెం లోపలికి, వెన్నువైపు జరిపితే తెగుతుంది. తర్వాత పక్షిని తిరగేసి రొమ్ము ఎముక మీద రెండు చేతులూ ఆన్చి బరువంతా వేయాలి. ఫట్‌మని విరిగిందంటే పని అయినట్టే. రెక్కల కొసలు మాడకుండా వెనక్కి మడిచేయండి. చేతుల్లో బలం లేదనుకుంటే మాంసం కొట్టువాళ్లను అడగండి, చాలామంది కోసిస్తారు.

లోపల మంచు గడ్డ మిగిలుంటే ఏ కత్తెరా దిగదు. ఫ్రిజ్‌లో నాలుగైదు పౌండ్లకు ఒక రోజు లెక్కన కరుగుతుంది కాబట్టి, నేను శనివారం ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మారుస్తాను, బుధవారం ఉదయం కోస్తాను. మన ఇళ్లలో పసుపూ ఉప్పూ వేసి కడగనిదే కోడిని పొయ్యి ఎక్కించరు, మా అత్తయ్యకు ఇప్పటికీ కడగకుండా వండితే మనసొప్పదు. కానీ పచ్చి కోడిని, టర్కీని కడగొద్దని ఇక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది, తుంపరలతో క్రిములు సింకు చుట్టూ పాకుతాయని. పైగా తడిసిన తోలు కరకరలాడదు. కాగితపు టవళ్లతో శుభ్రంగా అద్ది ఆరబెట్టడమే మేలు.

ఉప్పు ముందురోజే పట్టించాలి. పౌండుకు అర టీస్పూను కోషర్ సాల్ట్ (ఇక్కడ దొరికే ముతక ఉప్పు), అంటే 12 పౌండ్లకు రెండు టేబుల్ స్పూన్లు. మెత్తటి ఉప్పయితే ఇంకా తగ్గించాలి. అందులో ఒకటిన్నర టీస్పూను బేకింగ్ పౌడర్ కలిపి తోలు మీద రాసి, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాడు తోలు చక్కగా ఎర్రబడుతుంది. బేకింగ్ సోడా కాదు, పౌడరే. కొనేటప్పుడు లేబుల్ తప్పకుండా చదవండి. ఉప్పునీళ్లు ఎక్కించిన టర్కీలు చాలా అమ్ముతారు, కోషర్ అని, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం చేసినవని, రాసున్నవి ముందే ఉప్పులో ఊరినవి. అలాంటివాటికి మళ్లీ ఇంత ఉప్పు పెడితే నోట పెట్టలేం.

మసాలా గురించి మనవాళ్లు ఎక్కువగా అడుగుతారు. పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం కలిపి తందూరీలాగా పైన దట్టించడం ఈ వేడికి సరిపడదు. పైన మాడుతుంది, కింద తోలు మెత్తగా జారిపోతుంది. నేను వెన్నలో వెల్లుల్లి ముద్ద, మిరియాల పొడి, వేయించి దంచిన ధనియాలు కలిపి, వేళ్లతో తోలు లేపి బ్రెస్ట్ మీదా తొడల మీదా లోపల రాస్తాను. పైన కాస్త నూనె, అంతే. ఘాటు కావలసినవాళ్లకు పక్కన గ్రేవీలో పచ్చిమిర్చి ఉంటుంది. పిల్లలూ తింటారు, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లూ తింటారు.

ఈ పద్ధతిలో నాకు నచ్చనిది పొగ. 450 డిగ్రీల దగ్గర కొవ్వు ఖాళీ ట్రే మీద పడితే వెంటనే మాడుతుంది, స్మోక్ అలారం మోగుతుంది. ట్రేలో ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ పెద్ద ముక్కలు పరిచి ఒక కప్పు నీళ్లు పోసి, వాటిపైన జాలీ పెట్టి పక్షిని ఉంచితే చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోదు. చిమ్నీ గాలిని బయటికి పంపని అపార్ట్‌మెంట్లలో 425 దగ్గర చేసుకోండి, ఇంకో పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది, రుచిలో పెద్ద తేడా నాకు కనపడలేదు.

గడియారాన్ని నమ్మకండి. థర్మామీటర్ బ్రెస్ట్‌లో అన్నిటికంటే మందమైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చండి. వ్యవసాయ శాఖ చెప్పే అంకె 165 డిగ్రీలు. అది చేరాక తొడలోనూ చూసి తీస్తాను. పరిచి కాల్చినప్పుడు తొడ అప్పటికే 175 చుట్టుపక్కల ఉంటుంది. తీశాక అరగంట కదపకుండా వదిలేయాలి. ఆ తర్వాత కోయడం ఎంత సులువంటే, మా వదిన వచ్చి కబుర్లు చెబుతూనే మొత్తం ముక్కలు చేసేస్తుంది. వెన్నెముక లేకపోవడంతో కాళ్లు కీలు దగ్గర ఇట్టే ఊడొస్తాయి.

కోసిన వెన్నెముకను పారేయొద్దు. మెడ, ఉల్లి, బిర్యానీ ఆకుతో కలిపి, టర్కీ కాలుతున్నంతసేపూ పక్క పొయ్యి మీద మరిగితే గ్రేవీకి చక్కటి రసం దిగుతుంది. ట్రేలో కారిన రసం ఈ పద్ధతిలో తక్కువే, కాబట్టి గ్రేవీకి ఇదే దిక్కు. మర్నాడు మిగిలిన ఎముకల రసంతో మేం పులావు వండుతాం, నాకైతే అసలు భోజనం కన్నా ఆ పులావు మీదే ఆశ.

ఇది పనికిరానివాళ్లూ ఉన్నారు. నిండు పక్షిని బల్ల మధ్యలో పెట్టి అందరి ముందూ కోయడమే పండగ అనుకునే ఇళ్లలో, పరిచిన టర్కీ చూడ్డానికి చిన్నబోయినట్టు ఉంటుంది. స్టఫింగ్ (బ్రెడ్డు ముక్కలతో చేసే కూరుడు) పక్షి కడుపులోనే పెట్టాలనుకున్నా కుదరదు, విడిగా గిన్నెలో కాల్చుకోవాలి. 16 పౌండ్లు దాటిన పక్షి మామూలు 18 బై 13 అంగుళాల ట్రే మీద పట్టదు. మనిషికి ఒకటీ ఒకటిన్నర పౌండ్ల లెక్క వేసుకుంటే 12 పౌండ్ల టర్కీ పదిమందికి వస్తుంది. అంతకు మించి బంధువులొస్తుంటే పెద్దది కొనకండి, రెండు చిన్నవి కొని రెండు ట్రేలలో పెట్టి, సగం సేపయ్యాక పైది కిందికీ కిందిది పైకీ మార్చండి.