'హైలాండర్' డిస్కు కొంటున్నారా? అట్ట మీద 110 ఉందో, 111 ఉందో చూసి డబ్బు కట్టండి

1986 నాటి 'హైలాండర్'ని మళ్లీ ఇంట్లో చూద్దామని దిగుమతి డిస్కులూ సెకండ్‌హ్యాండ్ డిస్కులూ వెతుకుతున్నవాళ్లకి ఈ హెచ్చరిక. క్రిస్టఫర్ లాంబర్ట్, షాన్ కానరీ, క్వీన్ బ్యాండ్ పాటలు, తలలు తెగే కత్తియుద్ధాలు... ఈ సినిమాకి పిచ్చి అభిమానులున్నారు. అందుకే దీని పేరు చెప్పి కోసేసిన ప్రింటు, 4కె అని అంటగట్టే మామూలు బ్లూ-రే, ఇంట్లో కంప్యూటర్ మీద రాసిన కాపీ కూడా అమ్మేస్తున్నారు. అమ్మేవాళ్ల పేర్లు రాయడం లేదు. ఒక పేరు బయటపెడితే అదే సరుకు మర్నాడు ఇంకో పేరుతో వస్తుంది. పేరు కన్నా సరుకుని గుర్తుపట్టడం నేర్చుకుంటే మేలు.

ముందు నిడివి సంగతి, ఎందుకంటే ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. రసెల్ మల్కాహీ తీసిన ఈ సినిమా అమెరికా థియేటర్లలో 110 నిమిషాల ప్రింటుతో విడుదలైంది. యూరప్‌లో ఆడింది 116 నిమిషాలది. డిస్కుల మీద 'డైరెక్టర్స్ కట్' అని వేసేది ఎక్కువగా ఈ 116 నిమిషాల ప్రింటుకే. మీకు కావలసింది ఇది.

అట్ట మీద 116 అని ఉంటే సరిపోతుంది కదా అనుకుంటాం. చిక్కు ఎక్కడొస్తుందంటే, సినిమా సెకనుకి 24 ఫ్రేములు. యూరప్‌లోనూ మన దగ్గరా నడిచే పాల్ అనే టీవీ పద్ధతి డీవీడీలు సెకనుకి 25 ఫ్రేములు. 24 ఫ్రేముల సినిమాని 25తో పరిగెత్తిస్తే నాలుగు శాతం వేగం పెరుగుతుంది, 116 నిమిషాల సినిమా 111 నిమిషాలకే అయిపోతుంది. అంటే బ్రిటన్ నుంచి వచ్చిన డీవీడీ మీద 111 అని ఉంటే అది పూర్తి ప్రింటు. అమెరికా నుంచి వచ్చిన డీవీడీ మీదో బ్లూ-రే మీదో 110 అని ఉంటే అది ఆరు నిమిషాలు కోసేసిన ప్రింటు. ఒక్క నిమిషం తేడాలో ఇంత కథ ఉంది. 'రెండూ ఒకటేనండీ, ఓ నిమిషం అటూ ఇటూ' అని అమ్మేవాడు అంటే తెలియక అన్నాడో తెలిసే అన్నాడో గానీ, చెవిలో పువ్వు మాత్రం మీకే. కోసేసిన ప్రింటుని పాల్‌లోకి మారిస్తే 106 నిమిషాల దగ్గర ఆగుతుంది. ఆ అంకె కనిపిస్తే ఇక ఆలోచించనక్కర్లేదు. బ్లూ-రే, 4కె డిస్కులు మామూలుగా 24 ఫ్రేములతోనే నడుస్తాయి కాబట్టి వాటి మీద 116 తప్ప ఇంకేది ఉన్నా అనుమానించండి.

పాల్ డీవీడీకి ఇంకో లోపం ఉంది, అది మోసం కాదు గానీ తెలిసి కొనాలి. శ్రుతి సరిచేయకుండా వేగం పెంచిన డిస్కులో పాటలు ఇంచుమించు ముప్పావు సెమీటోన్ పైకి జరుగుతాయి. ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నరకి కాస్త కిందుగా వినపడినట్టన్నమాట. క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు బాగా ఎరిగినవాళ్లకి మొదటి పాటలోనే ఏదో తేడాగా తగులుతుంది.

అట్ట నమ్మలేకపోతే సినిమాలోనే పరీక్ష ఉంది. కథానాయకుడు, చావులేని కానర్ మెక్‌లియడ్ న్యూయార్క్‌లో పాత కళావస్తువుల దుకాణం నడుపుతుంటాడు, అతని వెంట రేచల్ అనే పెద్దావిడ ఉంటుంది. ఆవిడ అతనికి ఎలా దొరికిందో చెప్పే ఘట్టం రెండో ప్రపంచ యుద్ధ కాలానిది: శిథిలాల్లో దాక్కున్న చిన్నపిల్ల, నాజీ సైనికుడు, తూటాలు తగిలినా చావని కానర్, భయపడ్డ పిల్లతో అతను 'ఇదో రకం మాయ' అనే మాట. క్వీన్ పాటకీ ఆల్బమ్‌కీ పేరొచ్చింది ఆ మాట నుంచే. అమెరికా ప్రింటులో ఈ ఘట్టం మొత్తం ఎగిరిపోయింది. తర్వాత కానర్ రేచల్ దగ్గర సెలవు తీసుకుంటూ మళ్లీ అదే మాట అంటాడు. కోసిన ప్రింటు చూసినవాళ్లకి ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాదు. డిస్కు చేతికి రాగానే చాప్టర్ బటన్ నొక్కుకుంటూ ఈ ఘట్టం ఉందో లేదో చూడండి. ఐదు నిమిషాల పని.

ఇక 4కె బోర్డు. 2016లో, సినిమాకి 30 ఏళ్లయిన సందర్భంగా, దీన్ని 4కెలో పునరుద్ధరించారు. ఆ ప్రింటుతో బ్రిటన్‌లో ముందు బ్లూ-రే వచ్చింది. నిజమైన 4కె డిస్కు వచ్చింది 2022లో. మొదటిదాని అట్ట మీద '4కె పునరుద్ధరణ' అని ఉంటుంది, అందులో అబద్ధం లేదు. నెగటివ్‌ని 4కెలో స్కాన్ చేశారు, డిస్కు మాత్రం 1080పీ, అంటే మామూలు హెచ్‌డీ. ఈ బ్లూ-రేనే 4కె ధరకి అమ్ముతున్నారు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో దీనిలో 4కె అంత. గుర్తుపట్టడం తేలిక: బ్లూ-రే డబ్బా నీలం, 4కె డబ్బా నలుపు, పైన అడ్డంగా '4కె అల్ట్రా హెచ్‌డీ' పట్టీ. స్టీల్ డబ్బా అయితే రంగు చూసి చెప్పలేం, డిస్కు ముఖం ఫొటో పంపమని అడగాల్సిందే. 4కె డిస్కు ముఖం మీద ఆ గుర్తు తప్పక ఉంటుంది. కొన్ని ప్యాకెట్లలో 4కె, బ్లూ-రే రెండు డిస్కులుంటాయి. సెకండ్‌హ్యాండ్‌లో 4కెని తీసేసుకుని బ్లూ-రే ఒక్కటే నల్ల డబ్బాలో పెట్టి అమ్మే ఘనులూ ఉన్నారు.

ఇంట్లో రాసిన కాపీలు మరో తలనొప్పి. అట్ట చక్కగా అచ్చేస్తారు, పైన ప్లాస్టిక్ కూడా చుడతారు. పైన పటారం, లోన లొటారం. డిస్కు తిరగేసి వెలుతురులో పట్టుకోండి. ఫ్యాక్టరీలో అచ్చొత్తిన డీవీడీ అడుగు వెండి రంగు, లేదా లేత బంగారు రంగు. రాసిన డీవీడీ అడుగు ఊదా రంగు కొడుతుంది. రాసిన బ్లూ-రే అడుగు ముదురు గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న అద్దంలాంటి వలయంలో అచ్చొత్తిన డిస్కుకైతే సన్నటి అక్షరాలు, బార్‌కోడ్, ఐఎఫ్‌పీఐ అనే గుర్తు చెక్కి ఉంటాయి, భూతద్దం పెడితే కనపడతాయి. పైముఖం బొమ్మ అంచున తడి వేలితో రుద్దితే రంగు అంటుకుందంటే అది ఇంక్‌జెట్ ప్రింటర్ పని.

ఇంకా అనుమానం ఉంటే కంప్యూటర్‌లో పెట్టండి. బ్లూ-రే అని అమ్మినదాంట్లో 'వీడియో_టీఎస్' అనే ఫోల్డరు ఒక్కటే ఉంటే అది డీవీడీ. బ్లూ-రేలో 'బీడీఎంవీ' ఉండాలి. ఇంకో మాట, సినిమా కంపెనీలు వేసే బ్లూ-రేలకి మామూలుగా కాపీ చేయకుండా తాళం ఉంటుంది, 4కె డిస్కుకైతే ఇంకా గట్టి తాళం. అదనంగా ఏమీ కలపని వీఎల్‌సీ ప్లేయర్‌లో మీ '4కె డిస్కు' హాయిగా ఆడేసిందా? సంతోషించకండి. అసలైనది అంత సులువుగా లొంగదు.

లెక్క కూడా వేసుకోవచ్చు. 116 నిమిషాలంటే 6,960 సెకన్లు. 4కె బొమ్మకి సెకనుకి సగటున 60 మెగాబిట్లు ఇస్తే సినిమా ఒక్కటే 52 జీబీ అవుతుంది. అందుకే 4కె డిస్కులు ఎక్కువగా 66 లేదా 100 జీబీలవి. డిస్కు మొత్తం 25 జీబీ అని కంప్యూటర్ చూపిస్తుంటే దాన్ని నొక్కి నొక్కి కుదించారన్నమాట. డీవీడీలోనూ అంతే. 4.7 జీబీ ఒకే పొర డిస్కులో ఈ సినిమా పట్టాలంటే మాటా బొమ్మా కలిపి సెకనుకి 5.4 మెగాబిట్లు మించకూడదు. 8.5 జీబీ రెండు పొరల డిస్కే కావాలి.

ఆ కుదింపు బయటపడే చోటు ఒకటుంది, సినిమా మొదట్లోనే: మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కింద కార్లు నిలిపే చోట జరిగే తొలి కత్తియుద్ధం. మసక చీకటి, తడి నేల, కత్తులు తగిలినప్పుడల్లా నిప్పురవ్వలు. మంచి డిస్కులో స్తంభాల వెనక చీకటి మెల్లగా ముదురుతూ పోతుంది, నేల మీద తడి విడిగా తెలుస్తుంది. కుదించిన కాపీలో ఆ చీకటి చదరంగం గళ్లలా విడిపోతుంది, రవ్వ లేచిన ప్రతిసారీ దాని చుట్టూ బొమ్మ బెదిరినట్టు వణుకుతుంది. ఈ ఒక్క సీను చూస్తే చాలు, మిగతా సినిమా ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

పాత డీవీడీల్లో మరో రకం ఉంది. సినిమా వెడల్పు 1.85కి 1. పాత పెట్టె టీవీల కోసం చేసిన డిస్కుల్లో పైనా కిందా నల్ల పట్టీలు బొమ్మలోనే కలిపేశారు. వాటిని ఇప్పటి టీవీలో పెడితే నాలుగు వైపులా నలుపు, మధ్యలో కిటికీ అంత సినిమా. అమెరికా డీవీడీకున్న 480 గీతల్లో ఇలాంటప్పుడు బొమ్మకి మిగిలేది 346 దాకానే, వెడల్పు టీవీకి తగ్గట్టు చేసినదాంట్లో 460 దాకా. ఇలా వెడల్పు టీవీకి తగ్గట్టు చేసినదాన్ని అనామార్ఫిక్ అంటారు. అమ్మేవాళ్లని 'అనామార్ఫిక్ ఏనా?' అని అడగండి. తడబడితే వదిలేయండి.

అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న బావగారికో తమ్ముడికో చెప్పి తెప్పించుకునేవాళ్లు రీజియన్ చూసుకోవాలి, అంటే ఆ డిస్కు ఏ ప్రాంతం ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు. బ్లూ-రేకి అమెరికా ఏ, బ్రిటన్ బీ, ఇండియా సీ. హైదరాబాద్‌లో కొన్న మామూలు ప్లేయరు డల్లాస్ నుంచి వచ్చిన రీజియన్ తాళం వేసిన బ్లూ-రేని తీసుకోదు. డీవీడీకి అమెరికా 1, బ్రిటన్ 2, మనది 5, కాకపోతే ఇక్కడి చవక డీవీడీ ప్లేయర్లు చాలావరకు అన్నీ ఆడేస్తాయి. 4కె డిస్కులకి రీజియన్ బెడద లేదు, ఎక్కడిదైనా ఎక్కడైనా ఆడుతుంది. కానీ దానితో వచ్చే బ్లూ-రేకి తాళం ఉండొచ్చు, అదనపు విశేషాలు ఆ డిస్కులో ఉంటే అవి చూడలేరు. ఇంకోటి, మామూలు బ్లూ-రే ప్లేయర్ 4కె డిస్కుని చదవదు. 4కె ప్లేయరో, డిస్కు పెట్టే వీలున్న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ లాంటిదో ఉండాలి.

అసలు డిస్కే వచ్చినా బొమ్మ వెలిసిపోయినట్టు కనపడితే వెంటనే తిప్పి పంపకండి. చాలా టీవీల్లో అన్ని హెచ్‌డీఎంఐ రంధ్రాలూ 4కె హెచ్‌డీఆర్‌ని (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే బొమ్మని) పూర్తిగా తీసుకోవు. సెట్టింగుల్లో ఆ రంధ్రానికి సంబంధించిన సిగ్నల్ ఫార్మాట్‌ని 'ఎన్‌హాన్స్‌డ్' లాంటి దానికి మార్చాలి. మధ్యలో పాత సౌండ్ రిసీవర్ ఉండి అది హెచ్‌డీసీపీ 2.2కి (కాపీ కాకుండా చూసే తాళానికి) లొంగకపోతే ప్లేయర్ గప్‌చిప్‌గా 1080పీకి దిగిపోతుంది. కదలికను నున్నగా చేసే ఆప్షన్, నాయిస్ తగ్గించే ఆప్షన్ రెండూ ఆపేయండి. అవి ఉంటే 1536 నాటి స్కాట్లాండ్ యుద్ధం కూడా టీవీ సీరియల్‌లా కనిపిస్తుంది.

లోపాల్లా కనపడినా లోపాలు కానివీ చెప్పాలి, వీటి కోసం డిస్కులు తిప్పి పంపేవాళ్లున్నారు. మొదట్లో కానరీ గొంతు గుహలోంచి వచ్చినట్టు మోగుతుంది: ఆ మాటలు రికార్డు చేసింది ఆయన ఇంటి బాత్రూములో. బొమ్మలో సన్నటి రేణువులు ఫిల్ముకి సహజం. మెరుపులు చేత్తో గీసి కలిపిన చోట్ల బొమ్మ ఒక్కసారి మెత్తబడి రేణువులు పెరుగుతాయి. ఫిల్ము మీద ఫిల్ము వేసి మళ్లీ ప్రింటు తీసేవాళ్లు కాబట్టి ఏ డిస్కులోనైనా అంతే.

'క్వీన్ పూర్తి ఒరిజినల్ సౌండ్‌ట్రాక్' అని డిస్కుతో కలిపి అమ్మేదాని జోలికి పోవద్దు. ఆ పాటలు చాలావరకు 1986 నాటి 'ఎ కైండ్ ఆఫ్ మ్యాజిక్' ఆల్బమ్‌లో ఉన్నాయి, అది కొనుక్కోండి. రెండో భాగాన్ని జతచేసి రెండు సినిమాల సెట్టు అంటగడితే అందులో ఏ ప్రింటు ఉందో అడగండి. థియేటర్ ప్రింటులో అమరులు జైస్ట్ అనే వేరే గ్రహం నుంచి వచ్చినవాళ్లు, తర్వాత వచ్చిన 'రెనెగేడ్' ప్రింటులో గ్రహం మాయమై వాళ్లు పురాతన కాలం వాళ్లయ్యారు. ఏదైనా మొదటి సినిమాకి సాటిరాదు, దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

కొనేముందు నాలుగు ఫొటోలు అడగండి: వెనక అట్ట మీద నిడివి కనపడేలా ఒకటి, డిస్కు పైముఖం, డిస్కు అడుగు, మధ్య వలయం దగ్గర నుంచి. 'సీల్ ప్యాక్, తెరవకూడదు' అంటే తిరిగి తీసుకునే షరతు రాతలో తీసుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు చిరునామా కాగితం కనపడేలా మొదటి నుంచీ ఆపకుండా వీడియో తీయండి. డిస్కుని డబ్బాలోంచి తీసేటప్పుడు మధ్య బొడిపెని వేలితో నొక్కి తీయాలి, అంచు పట్టి లాగితే రంధ్రం దగ్గర చీలుతుంది, ఆ చీలిక మీ మీదకే వస్తుంది. గడువు లోపలే నిడివి, రేచల్ ఘట్టం, కార్ల షెడ్డు సీను చూసేయండి. తేడా ఉంటే ముందు ఆ వెబ్‌సైట్ గ్రీవెన్స్ అధికారికి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల లోపల తేల్చాలి. అక్కడ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫిర్యాదులో 'క్వాలిటీ బాలేదు' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. '116 నిమిషాలని అమ్మారు, 110 నిమిషాలే ఉంది' అనో, '4కె అన్నారు, వచ్చింది 25 జీబీ రాసిన డిస్కు' అనో అంకెతో రాసి, వీడియో జతచేయండి.