పది ఇళ్లకు సోలార్: ఒకే ఉమ్మడి ప్లాంటా, ఇంటికొకటా, మూడిళ్లకొకటా?

ఐదెకరాల మెట్ట పొలం, పది ఇళ్లు, దగ్గర్లో కరెంటు లైను లేదు. ఇలాంటి చోట సోలార్ ఏ పద్ధతిలో పెట్టాలన్నది ఇళ్లకు ముగ్గు పోయకముందే తేల్చుకోవాలి. ఏ ఇల్లు ఎక్కడ రావాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. మూడు దారులున్నాయి: అందరికీ కలిపి ఒకే ప్లాంటు, ఎవరి కప్పు మీద వారి సోలార్, మూడు నాలుగిళ్ల గుంపుకు ఒక సెట్టు. మా ఓటు మూడోదానికి. ఎందుకో అనంతపురం, కర్నూలు వైపు ఎండను, వానను దృష్టిలో పెట్టుకుని లెక్కలతో చెబుతాం.

ముందు ఒక ఇంటి లెక్క

9 వాట్ల బల్బులు ఐదు, రోజుకు ఐదు గంటలు వెలిగితే 0.23 యూనిట్. 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారు) ఫ్యాన్లు మూడు, పన్నెండేసి గంటలు తిరిగితే 1.08. చిన్న ఫ్రిజ్ 0.8. ఫోన్లు, ల్యాప్‌టాప్ 0.25, టీవీ 0.18, మిక్సీ 0.13, వాషింగ్ మెషిన్ సగటున 0.2. మొత్తం 2.9 యూనిట్లకు కాస్త అటూ ఇటూ. ఇందులో ఫ్యాన్ల దగ్గరే అసలు ఆదా ఉంది. పాత 75 వాట్ల ఫ్యాన్లు అలాగే ఉంచితే వాటికే 2.7 యూనిట్లు పోతాయి, సెట్టు సైజు సగానికి పైగా పెంచాల్సి వస్తుంది. వేణ్ణీళ్లకు కప్పు మీద 100 లీటర్ల సోలార్ హీటరు, వంటకు గ్యాస్ లేదా గోబర్ గ్యాస్. ఇండక్షన్ స్టవ్, గీజర్ ఈ లెక్కలోకి రాకూడదు.

ఒక కిలోవాట్ ప్యానెళ్లు మామూలు రోజుల్లో నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. డిజైన్ మాత్రం ముసురు పట్టే రోజులకు చేయాలి కాబట్టి మూడే అనుకోండి. బ్యాటరీలో, ఇన్వర్టర్‌లో, దుమ్ములో పావు వంతు పోతుంది. 2.9ని 0.75తో భాగిస్తే 3.9, దాన్ని మూడుతో భాగిస్తే 1.3 కిలోవాట్లు. 540 వాట్ల ప్యానెళ్లు మూడు. బ్యాటరీకి 51.2 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం ఫాస్ఫేట్ ప్యాక్ ఒకటి. అందులో 5.12 యూనిట్లు ఉంటే 4.6 వాడుకోవచ్చు: ఒక రాత్రి, మర్నాడు మబ్బు పట్టినా గడిచిపోతుంది.

మూడు దారుల్లో సామాను ఎంత తేడా?

ఇంటికొకటి పెడితే ప్యానెళ్లు 30, ప్యాక్‌లు 10, 3 కేవీఏ (ఇన్వర్టర్ ఒకేసారి మోయగల లోడుకు కొలత) ఇన్వర్టర్లు పది, అంటే 30 కేవీఏ. ఒకే ప్లాంటైతే ప్యానెళ్లు 24, ప్యాక్‌లు 10, ఇన్వర్టర్ 15 కేవీఏ చాలు. నాలుగు, మూడు, మూడు ఇళ్ల గుంపులుగా చేస్తే ప్యానెళ్లు 26 (10, 8, 8), ప్యాక్‌లు 10, 5 కేవీఏ ఇన్వర్టర్లు మూడు.

గమనించాల్సింది ఇది: కలిపితే ఖర్చయ్యే యూనిట్లు తగ్గవు, అందుకే బ్యాటరీలు తగ్గలేదు. ప్యానెళ్లు తగ్గింది మాత్రం ఇంటికి 2.4 ప్యానెళ్లు చాలినా విడిగా అయితే మూడు పెట్టాల్సి రావడం వల్ల. అసలు తగ్గేది పీక్ లోడు, అంటే ఒకే సమయంలో పడే గరిష్ఠ లోడు. పది మిక్సీలు ఒకే నిమిషంలో తిరగవు కాబట్టి ఇన్వర్టర్ సగానికి తగ్గింది. ఆ లాభమంతా నాలుగిళ్లు కలిసేసరికే చేతికొస్తుంది. నాలుగిళ్ల ఫ్యాన్లు, దీపాలు, ఫ్రిజ్‌లు, టీవీలు కలిపి 1.2 కిలోవాట్లు, పైన రెండు మిక్సీలు, ఒక వాషింగ్ మెషిన్, ఒక ఇస్త్రీ పెట్టె వేసినా 3.6 దాటదు. పదిళ్లనూ కలిపి అదనంగా మిగుల్చుకునేది రెండు ప్యానెళ్లు. దానికి బదులు వందల మీటర్ల కేబుల్ వేయాలి.

ఉమ్మడి ప్లాంటు: దెబ్బతినేది కేబుల్ దగ్గర, మనుషుల దగ్గర

ప్లాంటుకు 200 మీటర్ల దూరంలో ఉన్న ఇల్లు 10 ఆంపియర్లు లాగుతోందనుకోండి. 2.5 చదరపు మి.మీ. రాగి తీగ వేస్తే దారిలోనే దాదాపు 30 వోల్టులు పడిపోతాయి. 230 బయల్దేరి 200 చేరుతుంది, ఫ్రిజ్ కంప్రెసర్ మూలుగుతుంది. 4 మి.మీ. రాగి అయితే 18 వోల్టులు. 16 మి.మీ. అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్ వేస్తే ఏడెనిమిది వోల్టులతో సరిపోతుంది, అదే సరైనది. అది ముప్పావు మీటరు లోతు కాలువలో, కింద ఇసుక, పైన ఇటుక పరిచి వేయాలి. లేకపోతే మొదటి దుక్కికే నాగలి తగులుతుంది. పిడుగు దగ్గర్లో పడినా పొడవాటి కేబుల్ ఆ దెబ్బను నేరుగా ఇన్వర్టర్‌లోకి మోసుకొస్తుంది కాబట్టి రెండు చివరలా సర్జ్ ప్రొటెక్టర్లు (హఠాత్తుగా పెరిగే వోల్టేజిని అడ్డుకునేవి) కావాలి.

మనుషుల సంగతికొస్తే, బీహార్‌లోని జహానాబాద్ జిల్లా ధర్నాయి చూడండి. 2014లో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ అక్కడ 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ (ఊరంతటికీ ఒకే ఉమ్మడి ప్లాంటు) పెట్టింది. ఊళ్లోవాళ్లు టీవీలు, ఫ్రిజ్‌లు కలుపుకునేసరికి బ్యాటరీలు తట్టుకోలేకపోయాయి. కొద్ది రోజులకే ప్రభుత్వ లైను వచ్చింది, యూనిట్ చవక. చివరికి ప్లాంటు మూలపడింది. ఉమ్మడి బ్యాటరీలో ఒకరు ఎక్కువ వాడితే చీకటి అందరికీ వస్తుంది, ఎవరి వల్లో తేలదు. ఉమ్మడే కావాలనుకుంటే ఇంటికి 6 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్చి), సబ్ మీటరు మొదటి రోజు నుంచే ఉండాలి. గొడవొచ్చాక మీటరు పెడితే అది శిక్షలా కనిపిస్తుంది.

ఇంటికొకటి: స్వేచ్ఛ ఉంది, వృథా కూడా ఉంది

ఇందులో గొప్ప సుగుణం, ఎవరి తప్పు వారింట్లోనే ఆగుతుంది. ఇళ్లు వంద మీటర్లకు మించి ఎడంగా ఉంటే ఇదొక్కటే సరైన దారి, ఆలోచించనక్కర్లేదు. అయితే ఒక కుటుంబం నెల రోజులు ఊరెళ్తే వారి బ్యాటరీ పొద్దున పదికల్లా నిండి మిగిలిన ఎండంతా వృథా అవుతుంది, పక్కింట్లో చంటిబిడ్డ ఉన్నవాళ్లు మాత్రం రాత్రి రెండింటికి ఫ్యాను కట్టేస్తారు. పదిళ్లవాళ్లు పది కంపెనీల ఇన్వర్టర్లు కొంటే ఒకదాని కార్డు ఇంకొకదానికి పనికిరాదు.

గుంపు పద్ధతి ఎలా కట్టాలి

గుంపులోని ఇళ్లు 40 మీటర్ల లోపు ఉండాలి. ఇక్కడ 4 మి.మీ. రాగి తీగ చాలు, నాలుగు వోల్టులకు మించి పోదు. మూడు గుంపులకూ ఒకే మోడల్ ఇన్వర్టర్ కొనండి, నాలుగోది ఒకటి పెట్టెలోనే స్పేరుగా ఉంచండి. పాడైతే గంటలో మార్చుకోవచ్చు. పట్నం నుంచి మెకానిక్ వచ్చేదాకా వారం చీకట్లో కూర్చోనక్కర్లేదు.

ఎక్కువగా తప్పు జరిగేది ప్యానెళ్లను సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపే దగ్గర. 540 వాట్ల ప్యానెల్ ఓపెన్ వోల్టేజి (లోడు ఏమీ లేనప్పుడు ఉండేది) 49.5 వోల్టులకు అటూ ఇటూ ఉంటుంది. ఎనిమిది వరసగా కలిపితే 396. డిసెంబరు తెల్లవారుజామున చలికి అది నాలుగైదు శాతం పెరిగి 415కు చేరుతుంది. ఇన్వర్టర్ పరిమితి 450 అయితే ఫరవాలేదు. నాలుగిళ్ల గుంపులో పదీ ఒకే వరసలో కలిపితే 495, ఇన్వర్టర్ కాలిపోతుంది, వారంటీ వర్తించదు. అక్కడ ఐదేసి చొప్పున రెండు వరసలు వేసి, రెండు వరసల కరెంటును తట్టుకునే మోడల్ తీసుకోవాలి. చవకగా దొరికే 145 వోల్టుల ఇన్‌పుట్ రకాల్లో రెండు ప్యానెళ్లకు మించి సిరీస్‌లో కలపకూడదు.

ప్యానెళ్లు దక్షిణం వైపు 15 డిగ్రీల వాలు. కోతులున్న చోట వైర్లన్నీ పైపులోంచే పోవాలి. ఎర్త్ పిట్లు మూడు విడివిడిగా తవ్వాలి: డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి. ఎండాకాలం వాటిలో నీళ్లు పోయాలి, ఎండిన నేల కరెంటును లాగదు.

బ్యాటరీ గది ఉత్తరం వైపు, మందపాటి గోడలతో, కప్పు మీద సున్నం వేసి ఉండాలి. రేకుల షెడ్డులో పెట్టకండి. మే నెల మధ్యాహ్నం షెడ్డు లోపలి వేడికి బ్యాటరీలోని బీఎంఎస్ (దాన్ని కాపాడే కంట్రోల్ సర్క్యూట్) చార్జింగు ఆపేస్తుంది, ఎండ దంచుతున్నా రాత్రికి బ్యాటరీ ఖాళీగా ఉంటుంది.

లిథియం బదులు ట్యూబులర్ (నీళ్లు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీ) పెట్టొచ్చా అంటే, 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్‌లో 1.8 యూనిట్లుంటాయి, ఆయుష్షు నిలవాలంటే సగమే వాడాలి. ఇంటికి 4.6 యూనిట్లు కావాలంటే నాలుగుతో 3.6 వస్తుంది, చాలదు. 48 వోల్టులకు నాలుగేసి చొప్పునే పెంచాలి కాబట్టి ఎనిమిది పెట్టాలి. పదిళ్లకు ఎనభై బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ చూసే మనిషి దొరకడు.

బోరును మాత్రం ఇళ్లతో కలపొద్దు

నలభై మందికి రోజుకు వంద లీటర్ల చొప్పున 4,000 లీటర్లు. 80 మీటర్ల నుంచి తోడడానికి పంపు సామర్థ్యం 40 శాతమే అనుకున్నా 2.2 యూనిట్లు చాలు. 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, దానికి సొంతంగా 1.2 కిలోవాట్ల ప్యానెళ్లు, బ్యాటరీ లేకుండా. ఎండ ఉన్నంతసేపు తోడుతుంది, 12,000 లీటర్ల ట్యాంకు మూడు రోజులకు సరిపోతుంది. ఇదే పంపును ఇళ్ల ఇన్వర్టర్‌కు తగిలిస్తే స్టార్టింగులో ఐదారు రెట్లు కరెంటు లాగి గుంపు మొత్తాన్ని ట్రిప్ చేస్తుంది. బోరు వేసేముందు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. వానను కూడా వదులుకోకండి: 550 మి.మీ. వాన పడే చోట 100 చదరపు మీటర్ల కప్పు, ఐదో వంతు పోయినా, ఏడాదికి 44,000 లీటర్లు ఇస్తుంది.

డబ్బు సంగతి: ప్యాక్‌లు పదేళ్ల చుట్టూ మార్చాలి. ఇవాళ ఒక ప్యాక్ ధరను 120తో భాగించి ప్రతి ఇల్లూ నెలనెలా ఆ మొత్తం బ్యాంకులో వేయాలి. 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సంఘం నమోదు చేసుకుంటే సంఘం పేరుతో ఖాతా తెరవచ్చు, ఏటా ఆడిట్ తప్పనిసరి అవుతుంది.

రేపు లైను వస్తే ఏంటన్నది కూడా ఇప్పుడే చూసుకోవాలి. గ్రిడ్ ఇన్‌పుట్ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ కొంటే, లైను వచ్చిన రోజున గుంపుకో కనెక్షన్ తీసుకుని ముసురు రోజుల్లో బ్యాటరీ దాంతో నింపుకోవచ్చు. అప్పటిదాకా అదే టెర్మినల్‌కు చిన్న జనరేటర్ తగిలించొచ్చు.