ఇరాక్ 2005: ఓటేయాలా, బహిష్కరించాలా?

సద్దాం గద్దె దిగాడు గానీ యుద్ధం ఆగలేదు. 2005 జనవరి 30న, కొత్త జాతీయ సభ ఎన్నికల రోజున, ఇరాకీల ముందు రెండే దారులు: క్యూలో నిలబడటం, ఇంట్లో కూర్చోవడం.

శ్రమ
ఓటేస్తే: ఆ రోజు వాహనాల మీద నిషేధం, నడిచే వెళ్ళాలి.
మానేస్తే: ఏమీ లేదు.

ప్రాణభయం
ఓటేస్తే: దారిలో బాంబుల టెన్షన్. పైగా మన దగ్గర వేలి మీద గీత గీస్తారు, అక్కడ వేలినే సిరాలో ముంచారు. ఆ రంగు కొన్ని రోజులు పోదు, మిలిటెంట్లకు అదే ఆనవాలు.
మానేస్తే: ఆ పూటకి గండం గడిచినట్టే.

ఫలితం
అసలు కథ ఇక్కడుంది. దేశమంతా ఒకే నియోజకవర్గం, 275 సీట్లు. ఓట్లు పడని ప్రాంతానికి సీట్లూ రావు. దేశంలో సుమారు 58 శాతం ఓటేస్తే, సద్దాం వర్గమైన సున్నీ ముస్లింలు ఎక్కువున్న అన్బార్ రాష్ట్రంలో 2 శాతమే. దేశంలో మెజారిటీ ముస్లిం వర్గమైన షియాల కూటమికి 140 సీట్లు, ఉత్తరాది కుర్దు జాతివాళ్ళకు 75. రాజ్యాంగం రాసే పని ఆ సభదే.

బహిష్కరించినవాళ్ళ కోపం ఉత్తదేం కాదు. అమెరికా తదితర విదేశీ సైన్యం కాపలాలో స్వేచ్ఛ ఏంటన్నారు. అన్బార్‌లోని ఫలూజా పట్టణంలో జరిగిన పోరుతో ఊరొదిలినవాళ్ళలో చాలామంది అప్పటికింకా ఇల్లు చేరలేదు.

ఎవరికి ఏది?
దశాబ్దాలు అణిగి ఉన్న షియాలకు, కుర్దులకు ఓటే లాభం. వీధి చివరే తుపాకులున్న సున్నీ ఊళ్ళో ఇంటిపట్టున ఉన్నవాణ్ణి నేను తప్పుపట్టను. కానీ కాస్త భద్రత ఉన్నచోట బహిష్కరణ నష్టమే. అదే ఏడాది డిసెంబరు 15 ఎన్నికలకు సున్నీలు కూడా భారీగా క్యూ కట్టారు, వాళ్ళ ప్రధాన కూటమికి 44 సీట్లొచ్చాయి.