తడి కాగితమా, పొడి కాగితమా? వాటర్ కలర్‌లో ముందు ఏది నేర్చుకోవాలి

వాటర్ కలర్ క్లాసులో చేరిన రెండో వారానికే అందరికీ మబ్బులు, పొగమంచు వేయాలని ఉంటుంది. అవి తడి కాగితం మీద చేసే పనులు. చేయి మాత్రం ముందు పొడి కాగితం మీదే తిరగాలి. పొడి కాగితం మీద తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోతుంది. రంగు పల్చనైందో, కుంచెలో నీళ్లు ఎక్కువయ్యాయో, ఈ రెంటిలో ఏదో ఒకటి. తడి కాగితం మీద ఆ రెంటికీ కాగితంలోని నీరు కూడా తోడవుతుంది. ఏది చెడగొట్టిందో కొత్తవాళ్లకు అంతుపట్టదు.

పొడి మీద మొదట సాధించాల్సింది ఫ్లాట్ వాష్, అంటే ఒకే ఛాయను కాగితమంతా సమానంగా పరచడం. కాగితం అంటించిన అట్ట పైఅంచు కింద రెండు పుస్తకాలు పెట్టి 15 డిగ్రీల దాకా వాలుగా ఉంచండి. రంగు పల్చటి పాలలా ఉండాలి, సరిపోతుందనుకున్న దానికి రెట్టింపు కలుపుకోవాలి. మధ్యలో అయిపోతే మళ్లీ ఆ ఛాయ రాదు. 12 నంబరు గుండ్రటి కుంచె నిండా ముంచి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క గీత లాగండి. కింది అంచున రంగునీరు నిండుగా పూసకడుతుంది. తర్వాతి గీత ఆ పూసను అందుకుంటూ సాగాలి. చారలు వచ్చాయంటే పూస ఎండిపోయినట్టే. ముందు ఫ్యాన్ ఆపండి. మే నెలలో హైదరాబాద్ గదిలో ఫ్యాన్ కింద వాష్ సగం పడేలోపే పైభాగం ఆరిపోతుంది. వానాకాలం విశాఖలో అదే వాష్ ఎంతకీ ఆరదు. చివర మిగిలిన నీటిని, పిండిన కుంచెతో పీల్చేయాలి. వదిలేస్తే అది సగం ఆరిన రంగులోకి వెనక్కి పాకి కాలీఫ్లవర్ లాంటి మరక కడుతుంది.

తడి పద్ధతిలో కష్టమంతా వేళ పట్టుకోవడంలోనే. కాగితాన్ని వెడల్పు కుంచెతో తడిపి, పక్క నుంచి వంగి చూడండి. నీరు తళతళలాడుతుంటే ఆగాలి, ఇప్పుడు వేస్తే రంగు ఎటో పారిపోతుంది. ఆ తళుకు తగ్గి పట్టుగుడ్డ మెరుపులా సన్నగా మిగిలినప్పుడు వేస్తే అంచులు మెత్తగా విచ్చుకుంటాయి. మెరుపు పోయి, తాకితే చల్లగా మాత్రమే ఉంటే ఇక ముట్టుకోవద్దు. కుంచెలో రంగు ఎప్పుడూ కాగితం మీది తడి కన్నా చిక్కగా ఉండాలి. అది పాలైతే ఇది మజ్జిగ కాదు, పెరుగు. ఆరాక రంగు లేతబడుతుంది కాబట్టి కాస్త ముదురుగానే వేయండి.

ఖర్చులోనూ తేడా ఉంది. పొడి పద్ధతి సాధనకు మామూలు కలప గుజ్జు కాగితం సరిపోతుంది. తడి పద్ధతికి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), 100 శాతం కాటన్ కాగితం కావాలి. గుజ్జు కాగితం అతుకులు అతుకులుగా, తొందరగా ఆరుతుంది. పల్చటిదైతే ఉబ్బి, గుంటల్లో రంగు నిలుస్తుంది. డబ్బు చాలకపోతే రంగుల్లో తగ్గించుకోండి, ఆరు ట్యూబులు చాలు. నీలాల్లో ముందు అల్ట్రామెరీన్ కొనండి, తప్పుపడితే తడిపి చాలావరకు ఎత్తేయవచ్చు. థాలో బ్లూ అనే మరో నీలం కాగితాన్ని పట్టేసి వదలదు.

రెండూ కలిసిన దారి బెంగాల్ వాష్. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర అడివి బాపిరాజు వంటివారు నేర్చుకున్నది ఆ బెంగాల్ సంప్రదాయాన్నే. రంగులు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, బొమ్మను నీళ్లలో ముంచి తీసి, మీద పల్చటి రంగు పూస్తారు. ఇలా మళ్లీ మళ్లీ. రెండు పద్ధతులూ చేతికొచ్చాకే దాని జోలికి వెళ్లాలి.

వరసగా మూడు ఫ్లాట్ వాష్‌లు చారల్లేకుండా పడిన రోజున తడి పద్ధతి మొదలుపెట్టండి. మొదట అరచేయంత ముక్కల మీద, ఒక్క అల్ట్రామెరీన్‌తో.