ఉప్పుగాలిలో ఉక్కు పిస్టల్: ఏళ్ల తరబడి వాల్తర్ పీపీతో

పాత ఉక్కు పిస్టల్ కొందామనుకుంటున్నానని మా వైపు ఎవరొచ్చి అడిగినా నేను ముందు తుప్పు గురించే మాట్లాడతాను. మా రొయ్యల చెరువులు కోనసీమలో, మలికిపురం దాటాక సముద్రం వైపున్నాయి. అక్కడ షెడ్డు తలుపుకి కొట్టిన కొత్త మేకు ఒక్క వర్షాకాలానికే ఎర్రబడుతుంది. ఆ గాలిలో నేను చాలా ఏళ్లుగా నడుముకి పెట్టుకుని తిరుగుతున్నది జర్మనీలో, ఉల్మ్‌లో తయారైన వాల్తర్ పీపీ. ఇంట్లో దానికి తోడుగా బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ బ్రౌనింగ్ 1910 ఉంది. రెండూ 7.65 మిల్లీమీటర్లవి, మనం 32 బోరు అంటామే, అవి. రెండింటికీ ఫ్రేమూ (కింది చట్రం), స్లైడూ (దాని మీద ముందుకీ వెనక్కీ కదిలే పై భాగం) పూర్తిగా ఉక్కే.

రెండే ఎందుకంటే చట్టం అంతవరకే ఒప్పుకుంటుంది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, మనిషికి మూడు తుపాకులన్న హద్దుని రెండుకి తగ్గించారు. 9 మి.మీ. పారాబెల్లమ్, 45 బోరు పిస్టళ్లు మామూలు లైసెన్సు మీద రావు. 45 బోరు కోల్ట్ 1911 మీద ఎంత మోజున్నా వదులుకోవలసిందే. విదేశీ పిస్టళ్ల దిగుమతి కూడా మనలాంటివాళ్లకి 1980లలోనే ఆగిపోయింది. ఇప్పుడు దొరికే విదేశీ పిస్టళ్లు దాదాపుగా అంతకుముందు వచ్చి చేతులు మారుతున్నవే, అందుకే లక్షల్లో పలుకుతున్నాయి. ఇష్టంతో పాత పిస్టళ్లు దాచుకుందామనుకునేవాడికి ఉన్న చోటు రెండంటే రెండు. ఆ రెంటిలో ఒకటి పీపీ అయితే తప్పులేదని నా గట్టి నమ్మకం.

పీపీని వాల్తర్ 1929లో తెచ్చింది. అప్పటి జేబు పిస్టళ్లలో చాలావాటిని ఎక్కుపెట్టి, పేలకుండా ఆపే సేఫ్టీ మీటని నమ్ముకుని మొయ్యాల్సి వచ్చేది. పీపీకి ఆ బెంగ లేదు. ఛాంబర్లో, అంటే తూటా పేలే గదిలో, తూటా ఉన్నా వెనకున్న సుత్తిని (హ్యామర్) దించి ఉంచవచ్చు. మొదటి గుండుకి ట్రిగ్గర్ బరువుగా, దూరంగా లాగాలి. ఆ తర్వాత గుండ్లకి తేలిగ్గా కదులుతుంది. ఛాంబర్లో తూటా ఉంటే స్లైడ్ వెనక చిన్న సూది బయటికి పొడుచుకొస్తుంది, చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది. నాకు ఈ పిస్టల్‌లో అన్నిటికన్నా నచ్చింది ఆ సూదే.

పిడిలోకి దూర్చే తూటాల డబ్బాలో, అంటే మ్యాగజైన్‌లో, ఎనిమిది తూటాలు పడతాయి. ఖాళీ పిస్టల్ ముప్పాతిక కిలోకి కొంచెం తక్కువ తూగుతుంది. రోజంతా మోస్తే నడుముకి తెలుస్తుంది, నిజమే. కానీ కాల్పులు సాధన చేసే రేంజిలో ఆ బరువే చేతిని నిలబెడుతుంది. బ్యారెల్ ఫ్రేములోనే బిగిసి ఉంటుంది, కాల్చినప్పుడు కదలదు. కాబట్టి పదిహేను మీటర్లలో గుండ్లన్నీ అరచేయంత జాగాలో పడతాయి. గురి చూసే సైట్లు మాత్రం మరీ చిన్నవి, మునిమాపు వేళ కనపడవు. చెయ్యి పెద్దదైతే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని స్లైడ్ గీరేస్తుంది. పట్టు కొంచెం కిందికి దించుకుంటే ఆ బాధ తగ్గుతుంది.

సేఫ్టీని కిందికి నొక్కితే హ్యామర్ దానంతటదే పడిపోతుంది, గుండు పేలకుండా లోపలి ఉక్కు దిమ్మ అడ్డుపడుతుంది. ఇన్నేళ్ల పిస్టల్‌లో ఆ దిమ్మ ఎంత అరిగిందో పైకి తెలియదు. నేను ఎప్పుడు దించినా పిస్టల్ నోరు ఇసుక బస్తా వైపే ఉంటుంది.

ఇక తుప్పు. ఉక్కు మీద ఆ నల్లని నీలిపూత కూడా ఒక రకం ఇనుప ఆక్సైడ్ పొరే. నూనెని పట్టి ఉంచుతుంది గానీ, నూనె లేకుండా ఉప్పుగాలిని ఆపలేదు. ముందు దెబ్బతినేది గ్రిప్ (పిడి) వెనకున్న ఉక్కు పట్టీ, ఒంటికి ఆనుకునే స్లైడ్ పక్క. చెమట తగిలేది అక్కడే. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటెక్కి నరసాపురం వెళ్లొచ్చిన రోజున ఇంట్లో అడుగు పెట్టగానే తుడవాలి, అన్నం తిన్నాక చూద్దామంటే కుదరదు. చాలామందికి తట్టనిది ఏసీ గది. రాత్రంతా చల్లబడిన ఉక్కుని మే నెల ఉదయాన వరండాలోకి తెస్తే కళ్లెదుటే చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ గ్రిప్ పలకల కిందికి చేరి లోపల్లోపల తినేస్తుంది. అందుకే నెలకోసారి పలకల మరలు విప్పి లోపల తుడుస్తాను. నా పిస్టల్ పెట్టె ఏసీ లేని గదిలోనే ఉంటుంది.

మా దగ్గర కొడవళ్లకీ తలుపు బందులకీ కొబ్బరినూనే రాస్తారు. పిస్టల్‌కి ఆ నూనె వద్దు. డిసెంబరు చలికి లోపల గడ్డకడుతుంది, పాతబడి కంపు పట్టిందంటే అందులోని ఆమ్లం ఉక్కుకి చేటు. తుపాకీ నూనె అందుబాటులో లేకపోతే కుట్టుమిషన్ నూనె నయం, అదీ పల్చగానే. తోలు హోల్‌స్టర్ పగటి మోతకి మంచిదే గానీ చెమటని పీల్చి తనలో ఉంచుకుంటుంది. రాత్రి పిస్టల్‌ని అందులో వదిలేయకూడదు. బట్టతో తుడిచి, సిలికా జెల్ ఉన్న ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే మార్చేస్తాను.

ఈ పనంతా విసుగు లేకుండా సాగేది పీపీని విప్పడం సులువు కాబట్టే. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కంటితో, వేలితో చూసుకుని, ట్రిగ్గర్ గార్డుని కిందికి లాగి, స్లైడ్‌ని వెనక్కి లాగి పైకెత్తి ముందుకి వదిలితే చాలు. పనిముట్టు అక్కర్లేదు.

బ్రౌనింగ్ 1910 పీపీ కన్నా సన్నగా, తేలిగ్గా ఉంటుంది. స్ప్రింగుని బ్యారెల్ చుట్టూ అమర్చడం జాన్ బ్రౌనింగ్ తెలివి. 1914లో సరాయెవోలో ఆస్ట్రియా సింహాసన వారసుడు ఆర్చ్‌డ్యూక్ ఫ్రాన్జ్ ఫెర్డినాండ్‌ని కాల్చింది ఈ మోడల్‌తోనే, తూటా మాత్రం 9 మి.మీ. షార్ట్ అనే ఇంకో రకం. చూడటానికి ఎంతో అందమైన పిస్టల్. దానికి బయట హ్యామర్ లేదు, ఎక్కుపెట్టి ఉందో లేదో చూపుకి అందదు. పిడిని గట్టిగా పట్టుకుంటేనే విడిచే గ్రిప్ సేఫ్టీ సందులో దుమ్మూ చెమ్మా చేరతాయి. మా చెరువు గట్ల మీద మొయ్యడానికి అది తగదు, రేంజికి మాత్రమే తీసుకెళ్తాను.

తూటాల గురించి ఒక మాట. 32 తూటాకి అడుగు అంచు కొద్దిగా బయటికి ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనక్కి పడితే రెండూ కొక్కెంలా పట్టుకుని పిస్టల్ ఆగిపోతుంది. పొట్టి తూటాలతో ఇది ఎక్కువ.

బయటికెళ్తే హోల్‌స్టర్‌లో, చొక్కా కింద, ఎవరికీ కనపడకుండా ఉండాలి. సంక్రాంతికి కోడిపందేల బరుల వైపు, పెళ్లిళ్లకి వెళ్లేరోజున ఇంట్లోనే తాళంలో ఉంచుతాను. సంబరానికి గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలని 2019 సవరణే చెబుతోంది. ఎన్నికలప్పుడు అప్పగించమన్నారంటే నూనె బాగా పట్టించి, హోల్‌స్టర్ లేకుండా ఇచ్చి రసీదు తీసుకోండి. తిరిగి చేతికొచ్చిన రోజే మొత్తం విప్పి చూసుకోవాలి.

కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోవద్దు. కొత్తగా పూత వేసిన పాత పిస్టల్ కింద తుప్పు గుంటలు పాలిష్‌తో చెరిగిపోయి ఉంటాయి, అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటే అదే గుర్తు. బ్యారెల్ లోపల టార్చి వేసి చూడండి. మ్యాగజైన్ పైన తూటాని పట్టి ఉంచే పెదవులు సాగి ఉన్నాయేమో, స్లైడ్ మీదా ఫ్రేమ్ మీదా నంబర్లు కలుస్తున్నాయో లేదో, అమ్మేవారి లైసెన్సులో రాసిన నంబరు అదేనో కాదో డీలర్ ఎదుటే సరిచూడండి. అసలు మ్యాగజైన్ ఇంకొకటి కూడా ఇస్తానంటే ఆ పిస్టల్‌కి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు, విడిగా వెతికితే దొరకడం చాలా కష్టం.