ఐదు వైన్లు, ఒక ఐస్ బకెట్: హైదరాబాద్‌లో ఒక సాయంత్రం

కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు, అక్కడి నుంచి అమీర్‌పేటకు మెట్రో. బావ, నేను గది అక్కడే తీసుకున్నాం. వైన్ టేస్టింగ్ జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఒక హోటల్లో. రెండూ ఒకే మెట్రో లైన్ మీదున్నాయి కాబట్టి తాగి బండి నడిపే టెన్షన్ లేదు. గది ఇరుకు, రోడ్డు హోరు. దుప్పట్లు మాత్రం శుభ్రం. ఒక్క రాత్రికి చాలు.

ముందు స్పార్క్లింగ్, అంటే బుడగల వైన్ పోశారు. బుడగలు నిమిషంలో ఆగిపోయాయి. పదికి ఐదు.

తర్వాత నాసిక్‌లోని సులా వాళ్ల వైట్ వైన్, సోవిన్యాన్ బ్లాంక్. ముక్కు దగ్గర పెట్టగానే అప్పుడే కోసిన క్యాప్సికం వాసన, దాని వెనకే పచ్చి జామకాయ. పులుపుకి నోరూరింది. ఏడున్నర. అదే నాసిక్ నుంచి వచ్చిన చెనిన్ బ్లాంక్‌లో కాస్త తీపి ఉంది. ఆ తీపి చూసి ఇద్దరం ఆరే వేశాం.

అసలు గొడవ రెడ్ వైన్ దగ్గర వచ్చింది. నంది హిల్స్ వైపు గ్రోవర్ జంపా వాళ్ల లా రిజర్వ్, కాబెర్నే సోవిన్యాన్, షిరాజ్ ద్రాక్షలు కలిపి చేసింది. మార్చి వేడిలో బయట పెట్టిన సీసా నుంచి పోశారు. ముక్కుకి స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. అడిగితే, "రెడ్ రూమ్ టెంపరేచర్‌లోనే ఇవ్వాలి సార్" అన్నాడు వెయిటర్. ఆ మాట పుట్టింది యూరప్ చలిగదుల్లో. రెడ్‌కి కావాల్సింది 16 నుంచి 18 డిగ్రీలు, మన గది ముప్పై దాటి ఉంది. ఐస్ బకెట్ తెప్పించి సీసాను పావుగంట అందులో ఉంచాం. మళ్లీ పోస్తే నేరేడు పండు, కట్టెపొయ్యి మీద కాచిన పాల పొగవాసన బయటికొచ్చాయి. ఐదు వేసినవాణ్ణి ఎనిమిది చేశాను.

చివర క్రస్మా కాబెర్నే. తోట హంపి కొండల దగ్గర, పెట్టింది మన హైదరాబాద్ దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ. ఇది కూడా చల్లబెట్టించాకే తాగాం. తొక్క, గింజల నుంచి దిగిన వగరు చిగుళ్లను పట్టేసింది. బావ, "లేత నేరేడు కొరికినట్టుంది రా, కానీ వదలబుద్ధి కావట్లేదు" అన్నాడు. ఎనిమిదిన్నర.

మన అనాబ్-ఎ-షాహీతో ఎందుకు చెయ్యరని బావ అడిగాడు. ఒకప్పుడు హైదరాబాద్ తోటలకు పేరు తెచ్చిన ద్రాక్షే, కానీ అది తినడానికి పెంచే పెద్ద పండు. వైన్‌కి చిన్న పండు, మందం తొక్క కావాలి.

భోజనంలో బిర్యానీ, మిర్చీ కా సాలన్. సాలన్ మీద రెడ్ గుటకేస్తే వగరు, కారం ఒకదాన్నొకటి ఎగదోసి నాలుక మండింది. చెనిన్ మిగిలి ఉంది కదా అని తాగాం. ఆ తీపి కారాన్ని అణిచి, నువ్వులు, పల్లీల రుచిని పైకి తెచ్చింది. బావ కాగితం తీసి ఆరు కొట్టేసి, ఎనిమిదిన్నర రాశాడు.