హైట్ పెరగట్లేదని బాబుని చూపించిన పిల్లల హార్మోన్ల క్లినిక్, రామ్‌నగర్, వైజాగ్ – 4/5

ముందే చెప్పేస్తున్నా, హైట్ పెరగడానికి ఏదో మందు రాసిచ్చేస్తారు అనుకుని వెళ్ళేవాళ్ళకి ఈ క్లినిక్ అస్సలు నచ్చదు. మాకైతే నచ్చింది, తలనొప్పులు కూడా ఉన్నాయి, అవీ రాస్తాను.

మావాడికి పదమూడున్నర. క్లాసులో సగం మంది ఒక్క ఏడాదిలో తాటిచెట్లయి కూర్చున్నారు, వీడేమో ప్రేయర్ లైన్‌లో ఇంకా ముందే. పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా "ఏటే, గుంటడికి తిండెట్టట్లేదేటి" అని ఎవరో ఒకరు అడగడం, ఇంటికొచ్చాక వాళ్ళ మామ్మ నామీద పడటం. వాళ్ళ బాబాయి ఇంకో అడుగు ముందుకేసి ఆన్‌లైన్‌లో హైట్ పౌడర్ డబ్బా తెప్పించాడు, మీద జిరాఫీ బొమ్మ. దాని సీల్ తీసే ముందు మా పిల్లల డాక్టర్‌ గారిని అడిగితే ఆవిడే ఇక్కడికి పంపారు.

ఇక్కడ కొలిచే పద్ధతి చూసే నాకు సగం నమ్మకం వచ్చింది. సాక్సులు కూడా విప్పించి, గోడకి బిగించిన స్కేల్‌కి మడమలు, పిర్రలు, వీపు ఆనించి నిలబెట్టింది సిస్టర్. తల ఎత్తకుండా దించకుండా చూపు తిన్నగా ఉండేట్టు సర్ది, దవడల కింద రెండు చేతులూ పెట్టి మెల్లగా ఆపి పట్టుకుని, ఊపిరి గట్టిగా పీల్చమని, పైన పలక జుట్టు అణిగేదాకా దించి అప్పుడు చదివింది. మావాడు తెలివిగా మునివేళ్ళ మీద లేవబోయాడు, పాదం మీద చెయ్యేసి నొక్కింది 😄 మళ్ళీ పక్కకి రప్పించి మళ్ళీ కొలత, అలా మూడుసార్లు. స్కూల్ ఐడీ కార్డులో 150 ఉంది, ఇక్కడ తేలింది 146. పొద్దున్నకీ సాయంత్రానికీ కూడా ఒక సెంటీమీటర్ దాకా తేడా వస్తుందట, రోజంతా నిలబడి కూర్చుని ఉంటే వెన్నులో డిస్కులు కాస్త అణుగుతాయి కదా, అందుకే ఎప్పుడొచ్చినా ఇదే టైమ్‌కి రండి అన్నారు. రాడ్ పట్టుకుని వేలాడితే పెరిగానని సంబరపడేది కూడా ఈ కాస్త తేడాకే, కాసేపటికి మళ్ళీ మామూలే.

డాక్టర్ గారి మొదటి ప్రశ్న, పాత కొలతలు ఏమైనా ఉన్నాయా అని. మా ఇంట్లో తలుపు చెక్క మీద పెన్సిల్ గీతలు డేట్లతో సహా ఉన్నాయి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే అవే పనికొచ్చాయి. ఎంత ఎత్తున్నాడు అన్నదానికన్నా ఏడాదికి ఎంత పెరుగుతున్నాడు అన్నది ముఖ్యమట. ఈడేరక ముందు ఏడాదికి ఐదు సెంటీమీటర్ల చిల్లర మామూలు, నాలుక్కి తగ్గితే మాత్రం ఎందుకో వెతకాలి. మావాడిది ఐదు దాటింది. తర్వాత మా ఇద్దరి ఎత్తులూ అడిగి లెక్క కట్టారు. మగపిల్లాడైతే అమ్మానాన్నల ఎత్తు కలిపి 13 కలిపి సగం చెయ్యాలి, ఆడపిల్లైతే 13 తీసేసి సగం. మా ఆయన 168, నేను 155, అంటే వీడికి 168 వస్తుంది, దానికి అటూఇటూ ఓ ఎనిమిది సెంటీమీటర్లు. మా ఇద్దరికీ పుట్టినవాడు ఆరడుగులు అవ్వాలని మా అత్తగారు ఎలా అనుకుంటున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎడమ చెయ్యి, మణికట్టు కలిపి ఒక ఎక్స్‌రే తీయించమన్నారు, బోన్ ఏజ్ అంటారు. ఎముకల చివర్న పెరుగుదల జరిగే మెత్తటి పొర ఇంకా తెరిచే ఉందా, మూసుకుపోతోందా అన్నది అందులో తెలుస్తుంది. మూసుకుపోయాక ఏ పౌడరూ ఏ ఎక్సర్‌సైజూ ఏమీ చెయ్యలేదు. మావాడి ఎముకల వయసు పన్నెండు దగ్గరే ఉంది, అంటే వీడు లేటుగా ఎదిగే రకం. మా ఆయన్ని మీరెప్పుడు పెరిగారు అని అడిగితే ఇంటర్‌లో ప్యాంట్లన్నీ పొట్టయిపోయాయి అన్నారు, డాక్టర్ గారు నవ్వి "అదే సార్, మీ పోలికే" అన్నారు.

రక్తపరీక్షల్లో థైరాయిడ్ బానే ఉంది, విటమిన్ డి తక్కువ. సముద్రం పక్కన ఊళ్ళో ఎండకి కరువేంటి అనిపిస్తుంది గానీ తెల్లారకుండా స్కూల్ బస్సెక్కి ట్యూషన్ అయ్యి చీకటి పడ్డాక వచ్చేవాడికి ఎండెక్కడ తగులుతుంది. నిద్ర గురించి గట్టిగా చెప్పారు, గ్రోత్ హార్మోన్ ఎక్కువగా ఊరేది గాఢనిద్రలోనేనట, ఫోన్ పట్టుకుని ఒంటిగంట దాకా మెలకువగా ఉండేవాళ్ళు ఈ ముక్క చదవండి. బాబాయి డబ్బా లేబుల్ చదివి, ఇందులో ఉన్నది కాస్త ప్రొటీను, పంచదార, విటమిన్లు, ఆ డబ్బుతో గుడ్లు, పాలు, చేపలు పెట్టండి, చోడి అంబలి పొయ్యండి అన్నారు. బీచ్ రోడ్ ఆక్వా కాంప్లెక్స్‌లో ఈతకి వేస్తే పొడుగవుతాడంటున్నారండీ అంటే, వెయ్యండి, ఒంటికి మంచిది, కానీ ఈతతో ఎముక సాగదు అన్నారు. గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ సంగతి నేనే అడిగా. అది ఆ హార్మోన్ లోపం లాంటి కొన్ని కారణాలు తేలినవాళ్ళకే, రోజూ పొడవాలి, ఏళ్ళ తరబడి, ఖర్చు చాలా ఎక్కువ. ఫుట్‌బాల్ మెస్సీకి చిన్నప్పుడు ఇచ్చింది అదే అని మావాడికి డాక్టర్ గారు చెప్పగానే వీడి మొహం వెలిగిపోయింది, నీకు అక్కర్లేదురా అనేసరికి మళ్ళీ మామూలైపోయింది.

ఆడపిల్లలున్నవాళ్ళు మాత్రం ఇంతదాకా ఆగకండి. వాళ్ళు జోరుగా పెరిగేది పదకొండు పన్నెండేళ్ళప్పుడు, పెద్దమనిషయ్యాక ఇంకా పెరిగేది సుమారు ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లే. మా అప్ప కూతురి విషయం అడిగితే చెప్పారు.

ఒక స్టార్ ఎందుకు తీశానంటే, అపాయింట్‌మెంట్ టైమ్ ఉత్త పేరుకే, గంటన్నర కూర్చోబెట్టారు, కుర్చీలు చాలక మగాళ్ళంతా మెట్ల మీదే. ఎక్స్‌రే అక్కడ లేదు, బయట తీయించుకుని రావాలి. అన్నిటికన్నా చిరాకేంటంటే, పైన డాక్టర్ పౌడర్లు వద్దంటారు, కింద వాళ్ళ మందుల షాపులోనే కౌంటర్ మీద అవే డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి, "హైట్‌కి ఇది బాగా పోతోంది మేడం" అంటాడు కుర్రాడు.

వెళ్తే టీకాల కార్డు, స్కూల్లో తీసిన పాత కొలతలు ఏవున్నా పట్టుకెళ్ళండి, నాన్నని కూడా తీసుకెళ్ళండి, ఆయన్నీ కొలుస్తారు. కారు పెట్టడానికి చోటు లేదు, బండి మీదో ఆటోలోనో వెళ్ళడం మేలు. మమ్మల్ని ఆరు నెలలాగి మళ్ళీ రమ్మన్నారు.